మునిలక్ష్మి కన్ను

పోయిన వారం మనం మునిలక్ష్మిని ఈతకొలను గట్టున, చేతిలో గాజుగొట్టంతో, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ముందు ఆమె సంగతి చూద్దాం.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఇల్లు దేవనహళ్ళి దారిలో ఉంది. పీణ్యలో నట్లూ బోల్టులూ చేసే కార్ఖానా నడిపే లక్ష్మీనారాయణ, కబ్బన్‌పేట సందులోని పాత ఇల్లు వదిలి రెండేళ్ళ కింద ఇక్కడికి వచ్చాడు. ఆయన కూతురు శ్రుతి. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ, అంటే లక్ష్మీనారాయణ తల్లి పార్వతమ్మ, చేతుల్లో పెరిగిన పిల్ల. కాలేజీకి పోతూ స్కూటర్ మీదనుంచి పడి వెన్ను దెబ్బతింది, కాళ్ళలో బలం పోయింది. నీళ్ళలో నడిపిస్తే కాళ్ళు మెల్లగా దారికొస్తాయని డాక్టరు అన్నాడు. అన్నదే తడవుగా లక్ష్మీనారాయణ ఇంటి వెనకాల ఛాతీలోతు కొలను కట్టించి, పట్టుకుని నడవడానికి పొడుగునా ఉక్కు కమ్మీ పెట్టించాడు. "ఇంట్లో ఎవరన్నా గుంత తవ్వుకుంటారా" అని పార్వతమ్మ నెల్లాళ్ళు సణిగింది.

కొలనులోవి ఉప్పునీళ్ళు. అలాగని సముద్రాన్ని ఊహించుకోకండి, మన కన్నీళ్ళలో ఉన్నంత ఉప్పు కూడా వాటిలో ఉండదు. గోడవార బిగించిన యంత్రం ఆ కాస్త ఉప్పులోంచే క్లోరిన్ పుట్టించి నీళ్ళను శుభ్రంగా ఉంచుతుంది. అయితే నీళ్ళు పులుపుకు తిరిగినా ఇబ్బందే, చవుడుకు, అంటే సోడా గుణానికి, తిరిగినా ఇబ్బందే. ఎటు తిరిగాయో తెలుసుకోవడానికి గాజుగొట్టంలో కాసిని నీళ్ళు పట్టి అయిదు చుక్కల ఎర్రమందు వేస్తారు. పసుపుపచ్చగా మారితే పులుపెక్కువ, సోడా కలపాలి. రాణి గులాబీగా మారితే చవుడెక్కువ, ఆసిడ్ పొయ్యాలి. రెంటికీ నడుమ కనకాంబరం రంగు దగ్గర ఆగిందంటే నీళ్ళు సమంగా ఉన్నట్టు. ఏడాదిన్నరగా ఈ పరీక్ష చేస్తున్నది మునిలక్ష్మి. ఇంగ్లీషు చదవడం రాకపోయినా కంపెనీవాళ్ళిచ్చిన అట్టమీది రంగులతో గొట్టంలోని రంగును ఆమె పోల్చినంత కచ్చితంగా ఆ ఇంట్లో ఎవరూ పోల్చలేరు.

పోల్చలేరని అందరూ నమ్మారు, రెండు నెలల కిందటి దాకా. ఆ తర్వాత నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. శ్రుతి కళ్ళు ఎర్రబడి మండాయి. పది రోజులుగా ఆ పిల్ల నీళ్ళలోకి దిగలేదు, కష్టపడి తెచ్చుకున్న బలం రోజురోజుకీ జారిపోతోంది. చివరికి శనివారం పొద్దున కంపెనీనుంచి అమరనాథ్ అనే ఇంజనీరు వచ్చాడు. తన మీటరు ముంచి, నీళ్ళు పూర్తిగా చవుడెక్కాయన్నాడు. అదే నిమిషంలో మునిలక్ష్మి గొట్టంలో మందు పసుపుపచ్చగా నిలిచింది. అంటే పులుపు. కొలను ఒకటే, నీళ్ళు ఒకటే, లెక్కలు మాత్రం తూర్పూ పడమరా.

"సార్, యంత్రం మీద అనుమానం వద్దు," అన్నాడు అమరనాథ్ లక్ష్మీనారాయణతో. "ఈమెకు కళ్ళు డౌన్ అయినట్టుండాయి. వయసు మీద పడితే షేడ్స్ తెలీవు. రెండు నెలలుగా ఆసిడ్ పొయ్యాల్సిన నీళ్ళలో సోడా పోస్తాండారు."

అక్కడే కదా మనం ఆగింది.

మునిలక్ష్మికి నలభై నాలుగేళ్ళు. ఆమె దగ్గర పొలం లేదు, చదువు లేదు, ఆస్తి అంటూ ఉన్నది ఆ కన్నొక్కటే. చింతామణి పక్క పల్లెనుంచి పద్నాలుగో ఏట కబ్బన్‌పేటకు వచ్చింది. అప్పట్లో పార్వతమ్మ భర్తకు పట్టునూలు రంగులద్దే కార్ఖానా ఉండేది. మునిలక్ష్మి అక్కడ రంగులో ముంచిన నూలు చుట్టలు, చిలపలంటారు వాటిని, ఆరేసే పనిలో చేరింది. ఒకరోజు ఆకుపచ్చ చిలపలు ఆరు తీగ మీద వేలాడుతుంటే, "అమ్మా, ఇది ఈ కాగులోది కాదు," అని ఒకటి తీసి పార్వతమ్మ చేతికిచ్చింది. రంగుల మేస్త్రి గోపాలప్ప విరగబడి నవ్వాడు. తీరా చూస్తే ఆ ఒక్క చిలప ముందురోజు కాగులో ముంచినదే. నవ్వినవాడు నాలుక కరుచుకున్నాడు. పార్వతమ్మ మాత్రం భర్త దగ్గరికి పోయి, "ఈ పిల్లకి కన్నుండాది. రంగు సరిచూసే పలక ముందర కూర్చోబెట్టండి," అంది. ఆడపిల్లను ఆ పలక ముందు కూర్చోబెట్టడం ఆ సందులో ఎవరూ చెయ్యని పని. ఇంట్లో నెలరోజులు పోరు నడిచింది. పార్వతమ్మ పట్టిన పట్టు వదల్లేదు.

కార్ఖానా మూతపడ్డాక కూడా మునిలక్ష్మి ఈ ఇంటినే అంటిపెట్టుకుని ఉంది. పొద్దున్నే నిద్ర లేచి కళ్ళు తెరిచినప్పుడల్లా పార్వతమ్మను తలుచుకుని మనసులో ఒక దండం పెట్టుకుంటుంది. ఇప్పుడు ఆ కళ్ళే పోయాయంటున్నాడు ఎవరో ముక్కూమొహం తెలియని కుర్ర ఇంజనీరు.

లక్ష్మీనారాయణ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పోనీలే మునీ. సోమవారం నుంచి కంపెనీవాళ్ళే వచ్చి చూసుకుంటారు. నిన్నెవరూ పొమ్మనలా. సుమ్నే, ఊరికే ఇంట్లో ఉండు, అమ్మకు తోడుగా ఉండు."

ఆ జాలి మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది. ముప్పై ఏళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ ఆమె మీద జాలిపడలేదు, అవసరం రాలేదు. అయినా కదలకుండా నిలబడింది. ఒక సంగతి ఆమెను పట్టి ఆపుతోంది. వారం రోజులుగా కొలనులో చెయ్యి పెడితే నీళ్ళు వేళ్ళ మధ్య జారుతున్నాయి. పట్టునూలును సోడా వేసి ఉడకబెట్టిన కాగులో నీళ్ళు కూడా అట్లాగే జారేవి. చెయ్యేమో చవుడంటోంది, కన్నేమో పులుపంటోంది. రెండిట్లో కన్నునే నమ్మింది, దాన్ని నమ్మడమే ఆమెకు అలవాటు.

"ఏమప్పా," అంది అమరనాథ్‌తో. "నువ్వు నీళ్ళు పట్టిన ఆ డబ్బా ఒక తూరి ఇట్లియ్యి."

అతను భుజాలు ఎగరేసి తన ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. మునిలక్ష్మి గొట్టం కడిగి, ఆ డబ్బాలోని నీళ్ళు అందులో పోసి, చుక్కలు వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మూత పెట్టి రెండుసార్లు తలకిందులు చేసి ఎండకు ఎత్తి పట్టుకుంది. రాణి గులాబీ. అటూ ఇటూ కాకుండా, పెళ్ళిచీర అంచులో వేసే చిక్కటి రాణి రంగు.

"ఇది అట్టలో అన్నిటికంటే కింద గడి. దానికన్నా ఒక పిసరు ముదురే," అంది.

అమరనాథ్ మీటరు చూసుకున్నాడు. ఎనిమిది పాయింటు నాలుగు. అట్టలో కింది గడి ఎనిమిది పాయింటు రెండు. "ఇప్పుడు కరెక్టుగా చెప్పినారే," అన్నాడు ఆశ్చర్యంగా. ఇంతలో అతని ఫోను మోగితే, మాట్లాడుకుంటూ యంత్రం విప్పడానికి గోడ దగ్గరికి పోయాడు. లక్ష్మీనారాయణ అతని వెనకాల నడిచాడు.

మునిలక్ష్మి మళ్ళీ గొట్టం కడిగింది. ఈసారి తను ఎప్పుడూ నీళ్ళు ముంచే చెంబుతో ముంచి పోసింది. అవే అయిదు చుక్కలు, అదే ఎండ, అదే కన్ను. మందు పసుపుపచ్చగా మారింది.

మారింది నీళ్ళు ముంచిన పాత్ర ఒక్కటే. కన్ను బాగుంది. ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియక ఎదురుగా ఉన్న కొలనుకే పెట్టింది. అప్పుడు చెంబులోకి తొంగిచూసింది. ఇత్తడి చెంబు బయటంతా బంగారంలా తళతళలాడుతోంది. లోపల, మెడ వంపులో, గోధుమరంగు పిప్పి ఒకటి మందంగా అంటుకుని ఉంది. వేలితో గీరి వాసన చూసింది. చింతపండు.

రంగుల కార్ఖానాలో బతికిన మనిషికి ఇంకేం కావాలి? పులుపు ఒక్క బొట్టు తగిలితే కాగు రంగే మారిపోతుంది. చెంబెడు నీళ్ళెంత, అందులోంచి గొట్టంలో పోసే గుక్కెడెంత. రెండు నెలలుగా ఆ గొట్టం చెబుతున్నది కొలను పులుపు కాదు, చెంబులో చింతపండు పులుపు. దాన్ని నమ్మి తను డబ్బాలకు డబ్బాలు సోడా గుమ్మరించింది.

సంతోషం ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా పోయింది. ఆ చెంబు ఎవరిదో, ఎవరు తోముతారో తెలియనిదా?

శ్రావణ శుక్రవారానికి ముందు రోజు శ్రుతి కొలనులో కమ్మీ పట్టుకుని మొదటిసారి మూడడుగులు వేసింది. గుంత గుంత అని సణిగిన పార్వతమ్మ ఆరోజు గట్టున సాష్టాంగపడింది. ఆ మర్నాడే వరలక్ష్మీ పూజ ముగించి, పూజలో పెట్టిన ఇత్తడి చెంబు తెచ్చి మునిలక్ష్మి చేతిలో పెట్టింది. "నా బిడ్డకు కాళ్ళిచ్చిన గంగమ్మే ఈమె. ఇంక మీదట ప్లాస్టిక్ డబ్బాతో ముంచొద్దు, దీంతో ముంచు. పూజసామాను, దీన్ని నేనే తోముతా," అంది. అన్నట్టే పరీక్ష చేసే ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం చింతపండు వేసి తన చేతులతో తోమి, పసుపూ కుంకుమా పెట్టి గట్టున ఉంచేది. ఈ శనివారం ఇంజనీరు వస్తున్నాడని తెలిసి మరీ గట్టిగా తోమింది.

ఇప్పుడామె పదడుగుల దూరంలో బెత్తు కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ జోడించి, కొలను వైపే మొహం పెట్టి ఏదో జపం చేసుకుంటోంది. 'నీ దండమే నీ మనవరాలి కళ్ళు మండించిందమ్మా' అని ఆ డెబ్బై నాలుగేళ్ళ మనిషితో ఎట్లా చెప్పడం? ముప్పై ఏళ్ళు తిన్న ఉప్పు నోట్లోనే ఉంది కదా.

మునిలక్ష్మి చెంబును చీరకొంగుతో తుడిచేసి గోడ దగ్గరికి నడిచింది. అక్కడ అమరనాథ్ యంత్రంలోని గొట్టం బయటికి తీసి చూపిస్తున్నాడు. బోరునీళ్ళు కాచే హండా అడుగులాగా లోపలి రేకులన్నిటి మీదా తెల్లగా సున్నం పేరుకుపోయింది. చవుడెక్కితే నీళ్ళలోని సున్నం ఇట్లా పట్టేస్తుందని, అందుకే క్లోరిన్ పుట్టడం ఆగి నీళ్ళు చెడ్డాయని అతను వివరిస్తున్నాడు.

"అన్నా," అంది మునిలక్ష్మి తల వంచుకుని. "ఆ ఇంజనీరప్ప చెప్పిందే నిజం. నా కన్నే మసకైంది. తప్పు నాదే."

లక్ష్మీనారాయణ నిట్టూర్చాడు. ఆయన ఏదో అనబోయేలోపలే కుర్చీలోంచి పార్వతమ్మ గొంతు వినిపించింది.

"మునీ, ఇట్ల రా."

వెళ్ళింది.

"ఏమన్నావు ఇప్పుడు?"

"నాకు కన్ను మసకైందన్నానమ్మా."

"ఎవరి కన్ను?"

"నాదే."

"అబద్ధం," అంది పార్వతమ్మ. గొంతు పెంచలేదు. "ఆ కన్ను ఉండాదని చెప్పింది నేను. మా ఆయనతో కొట్లాడినా. గోపాలప్పతో కొట్లాడినా. సందులో వాళ్ళంతా నన్ను చూసి నవ్వతాంటే నిన్ను పలక ముందర కూర్చోబెట్టినా. ముప్పై ఏండ్లలో ఒక్క చిలప తప్పిందా నీకు? ఈ పొద్దు వచ్చి మసకైంది అంటాండావు. నా మింద నీకేం కోపం, నా మాట అబద్ధం చెయ్యాలని చూస్తాండావు?"

మునిలక్ష్మి చెంబును కొంగులో దాచుకుంది. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నువ్వు ఎవరినో కాపాడతాండావు," అంది ముసలామె. "చెప్పు. ఇది అన్నం పెట్టిన చెయ్యి కాదనుకో, కూతుర్ని అడిగే తల్లి అనుకో. అట్లనన్నా చెప్పు."

ఇక ఆగలేకపోయింది. చెంబు పార్వతమ్మ చేతిలో పెట్టి, ఆమె వేలు పట్టుకుని మెడ వంపులోకి దూర్చింది. కొంగుతో ఎంత తుడిచినా అక్కడ ఇంకా జిగట మిగిలే ఉంది. పార్వతమ్మ ఆ వేలును తడిమి చూసుకుని నాలుకకు రాసుకుంది.

"చింతపండు," అంది.

"మీరు భక్తితో చేసినారమ్మా."

"చేసినా. భక్తితోనే నా బిడ్డను పది దినాలు మంచంలో పడేసినా." ఆమె కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. "లక్ష్మీనారాయణా, ఇట్ల రా. ఆ ఇంజనీరప్పని గూడా పిలువు. నీళ్ళు చెడగొట్టింది ఇది కాదు, నేను. ఈ పిచ్చిది నా తప్పు తన నెత్తిన పెట్టుకోని, ఉండే ఒక్క ఆస్తినీ పోగొట్టుకోబోయింది."

కొడుకు ముందు, ముక్కూమొహం తెలియని ఇంజనీరు ముందు, ఆ ఇంటి పెద్దావిడ చెంబు పట్టుకుని జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. ఒక్క మాట దాచలేదు, మెత్తన చెయ్యలేదు. మునిలక్ష్మి మధ్యలో ఆపబోతే, "నువ్వుండవే" అని కసిరింది. తప్పు ఒప్పుకోవడంలోనూ ఆ మనిషికి అజమాయిషీ పోలేదు.

అమరనాథ్ మొహం చిన్నబోయింది. మంచివాడే, తొందరపాటు మనిషి, అంతే. చెంబు తీసుకుని వాసన చూశాడు.

"అమ్మా, తప్పు మీదీ కాదు, ఈమెదీ కాదు," అన్నాడు. "నీళ్ళు పట్టే డబ్బా ఏదైనా సరే, ముందు ఆ కొలను నీళ్ళతోనే మూడుసార్లు కడిగి పారబోసి, నాలుగోసారి మోచెయ్యి లోతునుంచి పట్టాల. ట్రైనింగ్‌లో మేము చెప్పాల్సిన మాట. చెప్పలేదు. ఉప్పునీళ్ళ కొలను ఊరికే ఉంచినా చవుడు వైపే పోతుంది. అట్లాంటిది పులుపు చూపిస్తాందంటేనే అనుమానం రావాల. నాకే రాలేదు." మునిలక్ష్మి వైపు తిరిగాడు. "మీకు సారీ చెప్తాండా అక్కా. అట్టలో లేని షేడ్ చూసి చెప్పినారు మీరు. ఆ పని మా మీటరు ఒక్కటే చేస్తుంది."

ఎప్పుడూ మాటకు తడుముకోని లక్ష్మీనారాయణ ఆ పూట మాత్రం తడుముకున్నాడు. "మునీ, సోమవారం ఎవరూ రారు. నువ్వే చూసుకో," అనేసి గబగబా లోపలికి పోయాడు. కళ్ళు తుడుచుకోవడానికే పోయాడని అందరికీ తెలిసింది.

తర్వాత రెండు రోజులూ మునిలక్ష్మి ఇల్లూ వాకిలీ మరిచిపోయింది. యంత్రం రేకులను అమరనాథ్ పలచటి ఆసిడ్‌లో నానబెడితే సున్నం బుసబుస పొంగి ఊడిపోయింది. ఆమె బకెట్టులో ముందు నీళ్ళు పోసి, తర్వాత ఆసిడ్ కలిపి, పంపు నీళ్ళు కొలనులోకి వచ్చి పడే మూతి దగ్గర పూటకు ముప్పావు లీటరు చొప్పున పోస్తూ వచ్చింది. కంగారుపడి ఒకేసారి పొయ్యలేదు. ఒకేసారి ముంచితే నూలైనా మచ్చలు పడుతుంది. పోసిన నాలుగు గంటలకు డబ్బా మూడుసార్లు కడిగి నీళ్ళు పట్టి చూసేది. రాణి రంగు కాస్త పలచబడింది. తర్వాత దానిమ్మ గింజ రంగు. ప్రతిసారీ పార్వతమ్మ కుర్చీలోంచి, "రంగేమొచ్చింది మునీ?" అని అడిగేది, మునిలక్ష్మి చెప్పేది. ఈ రెండు నెలలుగా ఆమె అట్లాగే అడుగుతోంది, పాత కార్ఖానా రోజులు గుర్తొచ్చి అడుగుతుందని మునిలక్ష్మికి ముచ్చటగా ఉండేది.

చెంబు మళ్ళీ పూజగదికి పోయింది. అయితే గంగమ్మకు మర్యాద తగ్గకూడదు కదా, అందుకని పార్వతమ్మ ప్లాస్టిక్ డబ్బానే తెప్పించి దానికి కుంకుమబొట్టు పెట్టింది. బొట్టు మూత మీద ఒక పక్కకు పడింది. శ్రుతి మంచం మీదనుంచి చూసి పగలబడి నవ్వింది. పది రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే.

మంగళవారం పొద్దున గొట్టంలో రంగు కనకాంబరం దగ్గర ఆగింది. మునిలక్ష్మి ఎండకు ఎత్తి చూసింది, నీడలో చూసింది, తెల్ల గోడకు ఆనించి చూసింది. కొలను అడుగున పలకల మధ్య గీతలు కూడా లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి నీళ్ళు.

ఎనిమిదింటికి శ్రుతిని చేతుల మీద దించారు. లక్ష్మీనారాయణ కాసేపు నిలబడి చూసి, నిశ్చింతగా పీణ్య బయల్దేరాడు. పిల్ల అవతలి మూల కమ్మీ పట్టుకుని అలవాటు చేసుకుంటోంది. కళ్ళు మండడం లేదట. మునిలక్ష్మి గట్టున పార్వతమ్మ కుర్చీ పక్కన కింద కూర్చుంది. పంపు నీళ్ళు ధారగా కొలనులో పడుతూ హోరుమంటున్నాయి.

"అమ్మా, ఒక మాట చెప్తా, వద్దనకండి," అంది. "ఆ పొద్దు మీరు నిలబడకుంటే నేను యాడనో ఇటుకలు మోసుకుంటా ఉందును. ఆ రోజు గూడా మీరే కన్నిచ్చినారు, మొన్న గూడా మీరే ఇచ్చినారు. నేనేమిచ్చి తీర్చుకోవాల?"

"నేనిచ్చేదేముండాదే. నీకుండేదాన్ని ఉండాది అని చెప్పినా, అంతే." పార్వతమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. "నీ కన్ను బాగుండాది. అదే చాలు నాకు. నా కడుపు నిండింది."

మునిలక్ష్మికి చెప్పలేనంత తృప్తిగా అనిపించింది. అయినా రెండు రోజులుగా ఒక సందేహం లోలోపల తొలుస్తోంది. వెండిగిన్నె మీద వేలిముద్ర పడితే మళ్ళీ తోమించే మనిషి పార్వతమ్మ. చెంబు మెడలో అంత పిప్పి, అదీ రెండు నెలలపాటు, ఎట్లా వదిలేసింది? అడిగేసింది.

"వయసైంది కదా," అంది పార్వతమ్మ తేలిగ్గా. అని ఆకాశం వైపు మొహం ఎత్తి, ఎండ బాగుందని మాట మార్చింది.

అప్పుడు కొలనులో శ్రుతి ఒక పని చేసింది. ఆ పిల్ల కమ్మీ వదిలేసింది. అవ్వకు చెప్పొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టి సైగ చేసి, ఏ ఆసరా లేకుండా నీళ్ళలో ఒక అడుగు ముందుకు వేసింది. తూలింది, నిలదొక్కుకుంది. ఇంకో అడుగు. ప్రమాదం జరిగాక మొదటిసారి దేన్నీ పట్టుకోకుండా నడుస్తోంది. నీళ్ళ హోరులో ఆమె అడుగుల చప్పుడు కలిసిపోయింది. పది, పదకొండు, పన్నెండు అడుగులు. నేరుగా అవ్వ ఎదురుగా, బారెడు దూరంలో వచ్చి నిలబడి, రెండు చేతులూ నీళ్ళలోంచి పైకెత్తి చూపిస్తూ మొహమంతా నవ్వుతూ ఎదురుచూసింది.

పార్వతమ్మ చల్లటి నవ్వుతో సరిగ్గా ఆ వైపే చూస్తోంది. ఇప్పుడు కేక పెడుతుంది, ఇప్పుడు లేచి పిల్లను వాటేసుకుంటుంది అని మునిలక్ష్మి అనుకుంది.

"ఏమే మునీ," అంది పార్వతమ్మ. "పిల్ల ఇంకా ఆ మూల కమ్మీ పట్టుకోనే ఉండాదా? స్వల్ప ధైర్యం చెప్పి, ఇట్ల నా దిక్కుకు ఒక అడుగు వెయ్యమనరాదా?"

శ్రుతి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆమె అవ్వ కళ్ళలోకి చూసింది, తర్వాత మునిలక్ష్మి వైపు చూసింది. పార్వతమ్మ నవ్వుముఖంతో జవాబు కోసం ఎదురుచూస్తోంది.